బుధవారం టేపు

ఆ క్యాసెట్ మీద చీటీ అతను ఎప్పుడు అంటించాడు? మంగళవారం సాయంత్రమా, అంతకు ఐదు రోజుల ముందా?

పైకి ఇది పెద్ద ప్రశ్నలా కనిపించదని నాకూ తెలుసు. రెండు వేళ్ళ వెడల్పున్న తెల్లకాగితం, దాని మీద నీలం సిరాతో రాసిన ‘బుధవారం’ అన్న మాట, అంతే. కానీ ఆ మనిషి గురించి నాకున్న అభిప్రాయమంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంది. అడుగుదామంటే అతను మళ్ళీ కనిపించలేదు. ఇప్పుడు నాకు డెబ్బై ఆరేళ్ళు. అతనెక్కడున్నాడో, అసలున్నాడో లేడో తెలియదు. తెలిసినంతవరకు రాస్తాను.

అప్పట్లో నాకు అద్దె పుస్తకాల షాపు ఉండేది. పక్క గది అతనిది. రెండింటికీ మధ్య చెక్క అడ్డుగోడ. అది కప్పుదాకా లేదు, పైన మూరెడు ఖాళీ. అందువల్ల అక్కడి మాటలు ఇక్కడికి, ఇక్కడి మాటలు అక్కడికి అద్దె లేకుండా వస్తూపోతూ ఉండేవి. అతను టీవీలు బాగుచేసేవాడు. సన్నటి మనిషి, మెడలో తాడు కట్టిన కళ్ళద్దాలు, చొక్కా జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు. వీధంతా అతన్ని గీతల మేస్త్రి అనేవాళ్ళు. చివరికి అతనూ ఫోన్ ఎత్తి, “ఆ, గీతల మేస్త్రినే, చెప్పండి” అనేవాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. టీవీ పట్టుకుని ఎవరొచ్చినా బాగుచేశాక వెంటనే పంపేవాడు కాదు. ఒక భూతద్దం చేతికిచ్చేవాడు.

“దగ్గరికి రండి. ఇంకా దగ్గరికి. ముక్కు తగలాలి.”

“షాక్ కొడుతుందేమో మేస్త్రీ!”

“ముక్కుకి కొట్టదు. ఏం కనిపిస్తోంది?”

“గీతలు.”

“అదీ! మీరు ఇన్నాళ్ళూ బొమ్మ అనుకున్నది గీతలు. ఒకదాని కింద ఒకటి ఐదు వందల డెబ్బై ఆరు. ఇక ఇంటికెళ్ళి హాయిగా చూసుకోండి.”

హాయిగా చూసుకోవడం ఇంకెక్కడ! ఒకామె, భూతద్దంలో చూసినప్పట్నించి సీరియల్లో అత్తగారు ఏడుస్తున్నా గీతలే కనిపిస్తున్నాయని నా దగ్గర వాపోయింది.

అతను నాకు చెప్పింది చెప్పినట్టే రాస్తాను. పాత టీవీల్లో ఆ గీతలన్నీ ఒకేసారి పడవు. ముందు ఒకటి, మూడు, ఐదు, ఇలా బేసి గీతలు పైనుంచి కిందిదాకా పడతాయి. మళ్ళీ పైకి వెళ్ళి రెండు, నాలుగు, ఆరు, ఇలా సరి గీతలు పడతాయి. గోడకి రెండు విడతల్లో సున్నం కొట్టినట్టన్నమాట. ఒక్కో విడతకి సెకనులో యాభయ్యో వంతు పడుతుంది. అంత వేగాన్ని కన్ను పట్టుకోలేదు, అందుకే నిండు బొమ్మ చూశాననుకుంటుంది. కొత్తగా వచ్చిన పల్చటి టీవీలు ఇలా కాదు. ఒకటో గీత నుంచి చివరి గీతదాకా దేన్నీ వదలకుండా ఒకే విడతలో వేస్తాయి. దాన్ని ప్రోగ్రెసివ్ స్కాన్ అంటారు.

“పద్ధతిగా వరసలో పోయేది కొత్తదేగా, మరి నీకు పాతదంటే అంత ఇదేంటి?” అని ఒకసారి అడిగాను.

“ఇదేం లేదు అక్కయ్యగారూ. నేను పుస్తకం చదివేదీ వరసలోనేగా” అన్నాడు. నిజమే, పేజీ మీద స్టీలు స్కేలు అడ్డం పెట్టి, ఒక్కో గీత కిందికి జరుపుతూ చదివేవాడు. ఒక నవలకి నెల పట్టేది. “మీ గిరాకీల్లో సగం మంది బేసి గీతలే చదువుతారు. వాళ్ళకి కథ అర్థమైపోతుంది కూడా. అదే నాకు ఆశ్చర్యం.”

పదహారో ఏట ఒక రేడియో మెకానిక్ దగ్గర చేరాడట. తల్లీ తండ్రీ ఏడాది తేడాలో పోయారు. చెల్లెలు ఒక్కతి. ఆమెని చదివించి పెళ్ళి చేశాడు, తను చేసుకోలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, “మన ఛానెల్‌కి ప్రసార సమయం అయిపోయింది” అని ముగించేవాడు. చెల్లెలు వీధి చివరే ఉండేది. ఆమె భర్త గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. ముందు రెండు ఇనప నాలుకలు చాపి బస్తాల దొంతరలు ఎత్తే బండి అది. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆ గోడౌన్‌లో కెమెరాల పని చూసేవాడు మన మేస్త్రి. బావాబావమరుదులిద్దరికీ తిండి పెట్టేది ఒకే గేటు, కానీ ఆ గేటు దగ్గర ఎదురుపడితే ఒకరు తలుపు వైపూ ఒకరు తాళం వైపూ చూసుకునేవాళ్ళు.

కారణం ఒక టీవీ. బావ తన ఇంటికి కొత్త పల్చటి టీవీ కొన్నాడు. మేస్త్రిని అడగలేదు. పెద్ద షాపులో కొని, గోడకి బిగించడానికి మాత్రం పిలిచాడు. ఇతను వెళ్ళి మేకులు కొట్టి బిగించాడు. అప్పుడు నలుగురి మధ్యా బావ నవ్వుతూ, “మా బావ ఇంకా ఆ డబ్బా ముందు కూర్చుని గీతలు లెక్కపెడుతున్నాడు. ఇది చూడు బావా, భూతద్దం పెట్టినా గీత కనిపించదు. నీ కొలువు పోయినట్టే!” అన్నాడట. హాస్యానికే అని ఉంటాడు. మేస్త్రి సుత్తి సంచిలో వేసుకుని వచ్చేశాడు. రెండేళ్ళపాటు ఆ గుమ్మం తొక్కలేదు.

కొత్త టీవీలంటే అతనికి కోపమనుకునేవాళ్ళం. కోపం లేదు. ఎదుటి కుట్టు మిషన్ ఆయన ఒకరోజు చిందులు తొక్కుతూ వచ్చాడు.

“ఇదేం న్యాయం మేస్త్రీ? పెట్టె మీద వెయ్యిన్నీ ఎనభై అని ఇంతింత అక్షరాల్తో రాశాడు. ఇంటికి తెచ్చి పెడితే వార్తలు చదివే అమ్మాయి మొహం మైనం కరిగినట్టుంది. పాత డబ్బాలోనే నయం!”

“వెయ్యిన్నీ ఎనభై గీతలు పట్టే తెర అది. మీ ఇంటికొచ్చే బొమ్మలో ఉన్నవేమో ఐదు వందల డెబ్బై ఆరు. మిగతావి ఎక్కణ్ణించి రావాలి?”

“ఎక్కణ్ణించి?”

“అదే ఊహించుకుని కలుపుకుంటుంది. పిల్లాడి చొక్కా గుడ్డ తెచ్చి, పెద్దాయనకి కుట్టమంటే మీరేం చేస్తారు?”

“కుట్టను. పొమ్మంటాను.”

“టీవీకి ఆ సౌకర్యం లేదుగా. కుట్టి తీరాలి.”

కుట్టు మిషన్ ఆయన, “అయితే గుడ్డ మార్చాలంటావు” అని వెళ్ళిపోయాడు. అంత సులువుగా చెప్పేవాడు మేస్త్రి. తను చెప్పింది ఎదుటివాడి వృత్తిలోకి దిగిపోవాలి. అప్పటిదాకా వదిలేవాడు కాదు.

ఇక అసలు సంగతి.

ఒక బుధవారం మధ్యాహ్నం గోడౌన్‌లో ప్రమాదం జరిగింది. బావ ఫోర్క్‌లిఫ్ట్‌ని వెనక్కి నడుపుతుండగా బస్తాలు మోసే మనిషి ఒకడు దాని కింద పడ్డాడు. ప్రాణం పోలేదు, కాలు రెండు చోట్ల విరిగింది. ఆ బండి నెత్తిన ఒక హెచ్చరిక దీపం ఉంటుంది. వెనక్కి నడపాలంటే మీట వేసి దాన్ని వెలిగించాలి. ఫోటో తీసేటప్పటి ఫ్లాష్‌లా సెకనుకోసారి తళుక్కుమంటుంది. అది వెలిగించకుండా బండి కదిపితే ఉద్యోగం ఊడుతుందన్నది అక్కడి నియమం, గోడ మీద రాసే ఉంది. వెలిగించానని బావ అన్నాడు. దెబ్బ తిన్నవాడు అటు తిరిగి ఉన్నాడు కాబట్టి చూడలేదన్నాడు. వేరే సాక్షి లేడు. కెమెరా ఉంది.

గోడౌన్‌లో పగటి షిఫ్టుకి రోజుకో క్యాసెట్ నడిచేది. వారానికి సరిపడా క్యాసెట్లు, ఒక్కోదాని మీద ఒక్కో వారం పేరు. ఈ బుధవారం నడిచిన క్యాసెట్‌నే మళ్ళీ బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి పెడతారు. పాత బొమ్మ మీద కొత్త బొమ్మ పడిపోతుంది.

గురువారం మేనేజరు ఆ క్యాసెట్ పంపాడు. ప్రమాదం జరిగిన ముక్క వరకు డిస్కులోకి ఎక్కించి ఇమ్మన్నాడు. ఆఫీసులో కంప్యూటర్ తెర మీద చూసుకోవడానికి. మేస్త్రి ఎక్కించి ఇచ్చాడు. మేనేజరు బండి కనిపించగానే బొమ్మ ఆపేసి, అరగంటలో ఫోన్ చేశాడు.

“బండి అంచు చూడండి, దువ్వెన పళ్ళలా చీలిపోయి ఉంది. ఇదేం కాపీ? పైవాళ్ళు చూసేది. శుభ్రం చేసి ఇవ్వండి.”

ఆ దువ్వెన పళ్ళ సంగతి మేస్త్రి నాకు అంతకుముందే చెప్పాడు. బేసి గీతలు పడేప్పటికి బండి ఒక చోట ఉంటుంది. సరి గీతలు పడేప్పటికి బెత్తెడు జరుగుతుంది. పాత టీవీలో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి కాబట్టి ఏమీ తెలియదు. కొత్త తెర రెంటినీ కలిపి ఒకేసారి చూపిస్తుంది, అంచు పళ్ళు పళ్ళుగా చీలుతుంది. దాన్ని పోగొట్టే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. అన్నింటికన్నా సులువైంది, ఒక విడత గీతల్ని మొత్తం పారేసి, మిగిలిన వాటినే రెండింతలు చేసి నింపడం. బొమ్మ కొంచెం మొద్దుబారుతుంది కానీ కడిగిన పళ్ళెంలా ఉంటుంది. మేస్త్రి అదే చేశాడు. సరి గీతలు పారేశాడు. క్యాసెట్ తిరిగి వెళ్ళి, గేటు గదిలో దాని అరలో కూర్చుంది.

డిస్కులో బండి వెనక్కి వస్తున్న మూడు సెకన్లు స్పష్టంగా ఉన్నాయి. దీపం వెలగలేదు.

శుక్రవారం చెల్లెలు వచ్చింది. అడ్డుగోడ పైనుంచి అంతా వినిపించింది. వినకూడదని పుస్తకంలోకి తల దూర్చాను కానీ చెవులకి తలుపులుండవు కదా.

“అన్నయ్యా, మీ బావని పని మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టారు. బుధవారం పదకొండింటికి విచారణ.”

“తెలుసు.”

“నువ్విచ్చిన బొమ్మ చూసే పీకేస్తామంటున్నారు.”

“నేనిచ్చింది కాదు. కెమెరా తీసింది.”

“దీపం వెలిగిందని ఆయన పిల్లల మీద ఒట్టేసి చెబుతున్నారు.”

“ఒట్లు నాకెందుకు చెబుతావు? బొమ్మలో లేదు. బొమ్మ అబద్ధం ఆడదు.”

“అంటే మనిషి ఆడాడంటావు.”

“నేనేం అనలేదు.”

“రెండేళ్ళ కిందటి మాట కడుపులో పెట్టుకున్నావు కదూ? గోడకి మేకులు కొట్టించుకున్నాడని?”

“అదీ ఇదీ కలపకు.”

“నేను కలపడం లేదు. నువ్వే విడదీస్తున్నావు. ఇంతకీ నీకు తోడబుట్టింది నేనా, ఆ డబ్బానా? ముందది తేల్చు!”

కుర్చీ జరిగిన చప్పుడైంది. వెళ్ళేముందు నా గుమ్మం దగ్గర ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “అక్కా, మీరైనా చెప్పండి. ఆయన నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. కానీ మీట వెయ్యకుండా బండి తీసే మనిషి కాదు. ఇంట్లో ఫ్యాన్ ఆపినా మూడుసార్లు చూసుకుంటారు” అంది.

చెబుతానన్నాను. చెప్పలేదు. ఆ అన్నాచెల్లెళ్ళ మధ్యకి వెళ్ళడానికి నేనెవర్ని అనుకున్నాను. శనివారం, ఆదివారం అతను షాపు తెరిచే ఉంచాడు కానీ పని చేసిన చప్పుడు లేదు. సోమవారం పాత టీవీ ముందు ఊరికే కూర్చుని ఉండటం చూశాను. అందులో ఏ బొమ్మా లేదు, బూడిదరంగు చుక్కలు మాత్రం ఉన్నాయి.

“సిగ్నల్ లేదా?” అన్నాను.

“ఉంది. పెట్టలేదు” అన్నాడు.

మంగళవారం నాలుగింటికి కుట్టు మిషన్ ఆయన నా షాపులోకి దూసుకొచ్చి, నేను అద్దెకిచ్చిన డిటెక్టివ్ నవల బల్ల మీద పడేశాడు.

“ఇదేం పుస్తకమండీ! చివర్లో వంటమనిషే హంతకుడంటాడు. అసలు వంటమనిషి కథలో ఎక్కడున్నాడు? రెండొందల పేజీల్లో ఒక్కసారి కూడా గుమ్మంలోకి రాలేదే!”

తిరగేసి చూశాను. తప్పు అచ్చువాళ్ళది. మధ్యలో కొన్ని ఫారాలకి, అంటే మడతపెట్టి కుట్టే పెద్ద కాగితాలకి, ఒకవైపే అచ్చు పడింది. రెండు పేజీలు కథ, రెండు పేజీలు తెల్లకాగితం, మళ్ళీ రెండు పేజీలు కథ. వంటమనిషి వచ్చినవన్నీ తెల్లకాగితాల్లోనే పోయినట్టున్నాయి.

“మధ్యలో ఖాళీలుంటే అనుమానం రాలేదా?” అన్నాను.

“ఖాళీ వదిలితే అదో ఫ్యాషన్ అనుకున్నాను. కథ మాత్రం ఎక్కడా తెగలేదండీ, బ్రహ్మాండంగా నడిచింది. వంటమనిషి ఒక్కడే లేడు!”

నాకు నవ్వాగలేదు. అడ్డుగోడ అవతల కూడా నవ్వు వినిపిస్తుందనుకున్నాను. వినిపించలేదు. రెండు నిమిషాల తర్వాత మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు.

“అక్కయ్యగారూ, షాపు ఒక అరగంట మూస్తారా? నాతో గోడౌన్‌దాకా రావాలి. నేనొక్కణ్ణీ అడిగితే ఇవ్వరు.”

“ఏమిటి ఇవ్వనిది?”

“బుధవారం టేపు. పొద్దున్న ఎనిమిదైతే ఉండదు.”

అప్పుడే అతను తన సొరుగు లాగి ఒక కొత్త క్యాసెట్ తీశాడు. దాని మీద చీటీ అంటించి ఉంది. ‘బుధవారం.’ సిరా ఆరిపోయింది. చీటీ మూలలు క్యాసెట్‌కి పూర్తిగా అతుక్కుని ఉన్నాయి. అతను గోరుతో ఒక మూల అదిమాడు, అవసరం లేకపోయినా.

అప్పుడు నేనేం ఆలోచించలేదు. తలుపు దగ్గరికి వేసి వెంట నడిచాను.

గేటు గదిలో కాపలాదారు టీ తాగుతున్నాడు. మేస్త్రి సంగతి చెప్పాడు.

“మేనేజరుగారు రాసివ్వందే పుల్ల కూడా బయటికి పోదు మేస్త్రీ. మీ బావ కేసు నడుస్తోంది. రేపు నా మెడకి చుట్టుకుంటుంది.”

“పుల్లకి బదులు పుల్ల ఇస్తున్నాగా. ఇదిగో కొత్తది, చీటీతో సహా. రేపు పొద్దున్న ఇది పెట్టు. నీ యంత్రం ఆగదు.”

“మరి పాతది?”

“పాతది ఎక్కడికీ పోదు. ఒక సంచిలో వేసి నువ్వే మూతి కట్టు, మీద నీ సంతకం పెట్టు. రేపు పదకొండింటికి నువ్వే తీసుకొచ్చి మేనేజరు బల్ల మీద పెట్టు. నేను ముట్టుకోను. ఈమె సాక్షి.”

కాపలాదారు నా వైపు చూశాడు. “మీరు పుస్తకాలావిడ కదూ? పోలీసు నవలల్లో ఇలాగే చేస్తారా?”

“ఇలాగే చేస్తారు. అక్కడ మాత్రం కాపలాదారు మంచివాడై ఉంటాడు” అన్నాను.

అతను నవ్వి, టీ గ్లాసు పక్కన పెట్టి, అరలోంచి టేపు తీసి సంచిలో వేశాడు.

తిరిగి వస్తుంటే దారిలో అడిగాను. “అందులో దీపం ఉందని నీకు నమ్మకమేనా?”

“ఉండొచ్చు. ఆ దీపం మెరిసేది సెకనులో వెయ్యో వంతు. ఒక్క విడత గీతల్లోనే పడుతుంది, రెండో విడతకి అందదు. బండి స్తంభం చాటు నుంచి బయటికొచ్చాక మూడుసార్లు మెరిసి ఉండాలి. మూడూ సరి గీతల్లో పడి ఉంటే...”

“మూడూ అటే పడతాయా?”

“నాణెం మూడుసార్లు ఎగరేస్తే మూడుసార్లూ బొరుసు పడదా? పడుతుంది. అరుదు, అంతే.”

అతను లెక్క అంత తడుముకోకుండా చెప్పడం కూడా నాకు తర్వాతే గుర్తొచ్చింది.

బుధవారం పదింటికి అతను తన పాత టీవీని, క్యాసెట్ నడిపే యంత్రాన్ని దుప్పట్లో చుట్టి తోపుడు బండి మీద పెట్టాడు. టీవీ జారకుండా నేనో పక్క పట్టుకున్నాను. వీధంతా చూస్తోంది. కుట్టు మిషన్ ఆయన గుమ్మంలోకి వచ్చి, “ఎవర్ని ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు?” అని కేకేశాడు. మేస్త్రి తలెత్తలేదు.

మేనేజరు గదిలో పొడుగాటి బల్ల. అవతల మేనేజరు, పక్కన పైఆఫీసు నుంచి వచ్చిన ఒక అధికారి. ఇవతల బావ, కొత్తగా ఉతికిన చొక్కాలో చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. చెల్లెలు బయట వరండాలో. కాపలాదారు సంచి తెచ్చి బల్ల మీద పెట్టి, తన సంతకం తనే మురిపెంగా చూసుకుని పక్కన నిలబడ్డాడు.

ముందు వాళ్ళ కంప్యూటర్ తెర మీద డిస్కు వేశారు. బండి స్తంభం చాటు నుంచి వెనక్కి వచ్చింది. దీపం చీకటి. మనిషి పడ్డాడు. అధికారి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. బావ కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత మేస్త్రి పాత టీవీ పెట్టి, సంచి విప్పించి టేపు వేశాడు. అదే స్తంభం, అదే బండి. దాని నెత్తిన దీపం సన్నగా, నీళ్ళ మీద వెలుగులా తళుక్కుమంది. ఇంకోసారి. ఇంకోసారి. మూడు. మనిషి పడ్డాడు.

వెనక్కి తిప్పి మళ్ళీ వేయమన్నారు. మళ్ళీ మూడు.

“ఇందులో వెలుగుతోంది, మీరిచ్చిన దాంట్లో లేదు. ఏది నిజం?” అన్నాడు మేనేజరు.

మేస్త్రి రెండు చేతులూ ఎత్తి, ఒక చేతి వేళ్ళ మధ్య రెండో చేతి వేళ్ళు దూర్చి చూపించాడు. “ఇది మీ కెమెరా తీసిన బొమ్మ. ఈ చేతి వేళ్ళు బేసి గీతలు, ఈ చేతివి సరి గీతలు. రెండూ కలిస్తేనే బొమ్మ. ఒక చెయ్యి చూసింది ఇంకో చెయ్యి చూడదు. క్షణం తేడా.” కుడిచెయ్యి వెనక్కి లాగేశాడు. ఎడమచేతి వేళ్ళు ఖాళీలతో మిగిలాయి. “నేను ఈ చెయ్యి తీసేశాను. దీపం ఇందులో ఉంది.”

“ఎందుకు తీసేశారు?”

“శుభ్రం చెయ్యమన్నారు.”

మేనేజరు ముఖం కందింది. అధికారి కలం కింద పెట్టాడు. “సూటిగా అడుగుతున్నాను. దీపం పోతుందని తెలిసే తీశారా?”

బావ కళ్ళు తెరిచి మేస్త్రి వైపు చూశాడు. ఆ గదిలో రెండేళ్ళ తర్వాత మొదటిసారి చూశాడు.

“గీతలు తీస్తున్నానని తెలుసు” అన్నాడు మేస్త్రి.

అధికారి ఇంకో ప్రశ్న అడగబోయి ఆగాడు. నేనూ అప్పటినుంచి ఆ జవాబు దగ్గరే ఆగిపోయాను. గురువారం కాపీ చేసేటప్పుడు అతని పాత టీవీ వెలుగుతూ ఉందా, ఆరిపోయి ఉందా అని ఎంత గుర్తు చేసుకున్నా రాదు. వెలుగుతూ ఉంటే అతను ఆ మూడు తళుకులూ చూసే ఉండాలి. చూసి, ఐదు రోజులు నోరు మూసుకుని కూర్చుని ఉండాలి. చీటీ ముందే రాసిపెట్టుకున్నాడంటే చివరిదాకా ఊరుకోవాలని అనుకోలేదన్నమాట. లేదంటే అతనికేమీ తెలియదు, కుట్టు మిషన్ ఆయన వంటమనిషే కళ్ళు తెరిపించాడు. వారాల పేర్లున్న క్యాసెట్లు సొరుగులో మామూలుగానే ఉండేవేమో, గోడౌన్ పని చేసేవాడు కదా. మిగిలిన ఆరు వారాల చీటీలు నేను ఆ సొరుగులో చూడలేదు. అలాగని వెతకనూ లేదు.

అధికారి, మేనేజరు తలలు దగ్గరికి చేర్చి కాసేపు గుసగుసలాడారు. మేనేజరు నిర్ణయం చెప్పాడు. డ్రైవరు తప్పు రుజువు కాలేదు, రేపట్నించి పనిలోకి రావచ్చు. దెబ్బ తిన్నవాడి వైద్యం గోడౌన్ చూసుకుంటుంది. కెమెరాల పని మాత్రం ఇకమీదట వేరేవాళ్ళకి అప్పగిస్తాం. ఆ చివరి మాట మేస్త్రి వైపు చూడకుండా అన్నాడు. మేస్త్రి తల ఊపాడు, వాతావరణం గురించి విన్నట్టు.

తలుపు తెరుచుకుంది. చెల్లెలు లోపలికి వచ్చేసింది. భర్త మొహం చూసి సంగతి అర్థమై, అతని చొక్కా చెయ్యి పట్టుకుని అక్కడే ఏడ్చింది. “ఊరుకోవే, అందరూ చూస్తున్నారు” అంటూనే అతనూ కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరో టీ తెచ్చారు. కాపలాదారు తన సంతకం కథ అధికారికి మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు. బావ టీవీ దగ్గరికి వెళ్ళి, దాని నెత్తిన చెయ్యి వేసి నిలబడ్డాడు.

“ఈ డబ్బా లేకపోతే నా పని అయిపోయేది. బావా, ఆ రోజు నేనన్న మాట...”

వెనక్కి తిరిగాడు. మేమూ తిరిగాం. మేస్త్రి కుర్చీ ఖాళీగా ఉంది. దాని ముందు బల్ల మీద టీ గ్లాసు, ముట్టుకోలేదు. టీవీ ఇంకా నడుస్తోంది. టేపు ఆపేశాక, తెర మీద బూడిదరంగు చుక్కలు ఆడుతున్నాయి.

“అన్నయ్య ఏడీ?” అంది చెల్లెలు.

కిటికీ దగ్గరికి వెళ్ళాను. గేటు దాటి అతను నడిచి పోతున్నాడు, చేతులు ఖాళీగా. షాపు ఉన్న వైపు కాదు, రెండో వైపు. “బావా!” అని ఇటునుంచి ఒక కేక వినిపించింది. విన్నాడో లేదో తెలియదు, వెనక్కి చూడలేదు. లారీ ఒకటి అడ్డం వచ్చింది. అది వెళ్ళిపోయేసరికి రోడ్డు ఖాళీగా ఉంది.